వేరు చూడందే మందు కొనొద్దు

కుండీలో మొక్క వాడిందంటే మనం చేసే మొదటి పని చెంబెడు నీళ్లు పోయడం. మర్నాటికీ తేరుకోకపోతే ఇంకో చెంబు పోస్తాం. అప్పటికీ లాభం లేకపోతే దుకాణానికి పోయి మందు తెస్తాం. మొక్క చచ్చాక "ఏదో జబ్బు చేసింది, మన చేతిలో ఏముంది" అనుకుంటాం. అసలు మొదట చేయాల్సిన పని ఒకటుంది. మొక్కను మట్టితో సహా కుండీలోంచి పైకి తీసి వేరు చూడటం. దానికి రెండు నిమిషాలు పట్టదు, పైసా ఖర్చు లేదు. అయినా చాలామంది ఆ పని చేయరు.

ఈ వారం చెప్పుకొనేది కలబంద, జెముళ్లు, రణపాల, ఎడారి గులాబీ వంటి దళసరి మొక్కల గురించి. ఆకుల్లోనో, కాండంలోనో నీళ్లు దాచుకొని బతికే జాతి ఇది. పట్నంలో వీటిని సక్యులెంట్లు అంటారు. అరచేతిలో పట్టే కుండీలో పెట్టి అమ్ముతారు, కొన్నవాళ్లు బల్లమీదో కిటికీలోనో పెట్టుకుంటారు.

"కుండీ మొక్కల సంగతి మా చిన్న రైతులకెందుకయ్యా" అని మీరు అడగొచ్చు. అడగాల్సిన మాటే. అయితే ఇందులో మన లాభనష్టాలు రెండూ ఉన్నాయి. హైదరాబాదు చుట్టూ శంషాబాద్, మొయినాబాద్, చేవెళ్ల వైపు నాలుగు గుంటల్లో షేడ్ నెట్ వేసుకొని మొక్కలు పెంచి అమ్ముకొనే కుటుంబాలున్నాయి. వాళ్ల కుండీ కొన్నవారి ఇంట్లో నెలకే చస్తే ఆ ఇల్లు మళ్లీ మొక్క కొనదు. కలబంద సాగు చేసేవాళ్లున్నారు. డ్రాగన్ ఫ్రూట్ వేసి స్తంభాలకు, డ్రిప్పుకు లక్షలు పోసినవాళ్లున్నారు. డ్రాగన్ ఫ్రూట్ అంటే కూడా జెముడు జాతి మొక్కేనని గుర్తుంచుకోవాలి. కుండీలో ఒక కలబంద ఎందుకు కుళ్లిందో తెలుసుకున్న రైతుకు ఎకరంలో డ్రాగన్ ఫ్రూట్ ఎందుకు కుళ్లుతోందో సగం తెలిసినట్టే.

నాంపల్లిలో కొన్న మొక్క

హైదరాబాదు నాంపల్లికీ మొక్కలకూ పాత చుట్టరికం. నిజాం కాలంలో బాగే ఆం అని పిలిచిన పబ్లిక్ గార్డెన్స్ అక్కడే ఉంది. ఉద్యాన శాఖ రాష్ట్ర కార్యాలయం ఆ తోటలోనే ఉంది. నుమాయిష్ 1938లో మొదలైంది కూడా ఆ తోటలోనే. తర్వాత దగ్గర్లోని ఇప్పటి ఎగ్జిబిషన్ మైదానానికి మారింది. ఏటా జనవరి 1న తెరుస్తారు, ఫిబ్రవరి నడిమి దాకా నడుస్తుంది. ఆ రోజుల్లో ఊళ్ల నుంచి వచ్చేవాళ్లూ, ఆబిడ్స్ వైపు పనిమీద వచ్చేవాళ్లూ తిరిగి పోతూ ఒక చిన్న కుండీ పట్టుకుపోతుంటారు.

ఇక్కడే ఒక మెలిక ఉంది. జనవరిలో మన దగ్గర గాలి చల్లగా, పొడిగా ఉంటుంది. ఎండ మెత్తగా ఉంటుంది. దళసరి మొక్కకు అంతకన్నా మంచి రోజులుండవు. ఏం చేసినా బతుకుతుంది. ఏప్రిల్ వచ్చేసరికి డాబామీద కాగుతుంది. జులైలో ముసురు పట్టి మట్టి ఆరదు. అప్పుడు కుళ్లుతుంది. కొన్నవాళ్లు మాత్రం జనవరిలో నేర్చుకున్న లెక్క ప్రకారం రోజూ నీళ్లు పోస్తూనే ఉంటారు. పైగా ఇలాంటి మొక్కలు కొన్ని కాలింపాంగ్ వంటి చల్లటి కొండ ప్రాంతాల్లో పెరిగి లారీలెక్కి వస్తాయి. అక్కడి వాతావరణానికి అలవాటుపడ్డ మొక్క మన వేసవిలో తట్టుకోవాలంటే కొంత ఊపిరి తీసుకోనివ్వాలి.

దాని తత్వం ముందు తెలుసుకోవాలి

మన ఇళ్లల్లో దిష్టి తగలకుండా గుమ్మానికి కలబందను తలకిందులుగా కడతారు గదా. మట్టి లేదు, నీళ్లు లేవు, వేరు గాలిలో వేలాడుతుంటుంది. అయినా నెలల తరబడి పచ్చగానే ఉంటుంది, కొన్నిసార్లు కొత్త ఆకు కూడా వేస్తుంది. అదే కలబందను కుండీలో పెట్టి రోజూ నీళ్లు పోస్తే కొన్నాళ్లకే మొదలు మెత్తబడి ఒరిగిపోతుంది. ఈ ఒక్క సంగతి చాలు, దళసరి మొక్కకు దాహం కన్నా ముంపే పెద్ద శత్రువని తెలుసుకోవడానికి.

ఎందుకలా? మామూలు మొక్కలు పగటిపూట ఆకుల సన్న రంధ్రాలు తెరిచి గాలి పీలుస్తాయి. ఆ దారిలోనే నీరు ఆవిరై పోతుంది. దళసరి మొక్కల్లో ఎక్కువ జాతులు పగలు ఆ తలుపులు మూసుకుంటాయి, రాత్రి చల్లబడ్డాక తెరుస్తాయి. కాబట్టి వాటి నీటి ఖర్చు చాలా తక్కువ. ఖర్చు తక్కువైన ఇంట్లో సరుకు రోజూ దింపితే ఏమవుతుంది? మూలుగుతుంది, కుళ్లుతుంది. వేరుకు నీళ్లెంత అవసరమో గాలీ అంతే అవసరం. మట్టి సందుల్లో గాలి ఉండాల్సిన చోట నీళ్లు నిలిస్తే వేరు ఊపిరాడక చస్తుంది. చచ్చిన వేరులోకి బూజు తెగుళ్లు చేరతాయి. మనకు కనబడేది ఆఖరున వచ్చిన ఆ బూజు. అసలు కారణం దానికంటే వారాల ముందే మొదలైంది.

ఒకే లక్షణం, రెండు కారణాలు

ఇక్కడే నూటికి సగం మందిమి పొరబడతాం అన్నా తప్పులేదు. ఆకు ముడతలు పడి, పలచబడి, వేలాడిందనుకోండి. చూడగానే "పాపం ఎండిపోతోంది" అనిపిస్తుంది. నిజంగా నీళ్లు లేకపోయినా ఆకు ముడతలు పడుతుంది. వేరు కుళ్లిపోయినా ముడతలే పడుతుంది. కుళ్లిన వేరు నీళ్లు తాగలేదు, మట్టినిండా నీళ్లున్నా మొక్క దాహంతోనే ఉంటుంది. మొదటిదానికి నీళ్లే మందు. రెండోదానికి నీళ్లే విషం. పైనుంచి చూస్తే రెండూ ఒకటే. అందుకే ఆకును చూసి తీర్పు చెప్పొద్దు.

తేడా తెలుసుకోవడానికి ఈ వరుసలో చూడండి.

మొదట కుండీ ఎత్తి చూడండి. ఎండిన కుండీ తేలిగ్గా వస్తుంది, తడి కుండీ బరువుగా ఉంటుంది. రెండు మూడుసార్లు ఎత్తితే చేతికే అలవాటవుతుంది.

తర్వాత ఒక చీపురుపుల్ల కుండీ అడుగుదాకా గుచ్చి తీయండి. పైన పొడిగా ఉండి అడుగున తడి ఉండటం మామూలే. పుల్లకు తడిమట్టి అంటుకొని వస్తే ఆ రోజు నీళ్లు పోయొద్దు.

ఆ తర్వాత ఆకు పట్టుకొని నొక్కండి. నీళ్లు తక్కువైన ఆకు ముడుచుకున్నా తోలులాగా గట్టిగానే ఉంటుంది, అడుగు ఆకులు కాగితంలా ఎండుతాయి. నీళ్లు ఎక్కువైన ఆకు పసుపు తిరిగి, అద్దంలా వెలుతురు కనబడేలా మారి, మెత్తగా పిసికితే నీరు కారుతుంది. చేయి తగిలితే చాలు, ఊడి పడుతుంది.

ఆఖరున మొక్కను పైకి తీసి వేరు చూడండి. ఆరోగ్యమైన వేరు తెల్లగానో, లేత గోధుమ రంగులోనో ఉండి లాగితే గట్టిగా ఉంటుంది. కుళ్లిన వేరు నల్లబడి, వేళ్ల మధ్య పట్టి లాగితే పైతొక్క జారివచ్చి లోపల దారం మాత్రం మిగులుతుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే మురుగు వాసన వస్తుంది. ఇంతకు మించిన పరీక్ష ఏ మందుల కొట్లోనూ లేదు.

నీళ్లు తక్కువైందని తేలితే కుండీ అడుగునుంచి కారేదాకా ఒకసారి నిండుగా పోసి, మళ్లీ మట్టి పూర్తిగా ఆరేదాకా ఆగాలి. రోజూ గుక్కెడు పోయడం కన్నా ఇదే మేలు. వేరు కుళ్లిందని తేలితే కుళ్లిన వేళ్లన్నీ కత్తిరించాలి. కాండం మొదలు కూడా నల్లబడితే మచ్చ కనబడని చోటుదాకా పైకి కోసుకుంటూ పోవాలి. ఒక్కో కోతకు కత్తిని స్పిరిటుతో తుడవాలి. మంచి ముక్కను నీడలో నాలుగైదు రోజుల నుంచి వారం దాకా ఆరబెట్టాలి. కోసిన చోట పెచ్చు కట్టాక పొడి మట్టిలో నాటి, ఇంకో వారం పోయాక కాస్త నీళ్లివ్వాలి. కోసిన వెంటనే తడిమట్టిలో గుచ్చితే మళ్లీ కుళ్లు పట్టుకుంటుంది. జెముళ్లను, ఎడారి గులాబీని కోసేటప్పుడు కారే పాలు కంట్లో పడితే ప్రమాదం. చేతికి తొడుగు లేకపోతే కనీసం ప్లాస్టిక్ సంచి చుట్టుకోండి, పిల్లల్ని దగ్గరికి రానీయొద్దు.

మచ్చ పాకుతోందా, ఆగిందా?

రెండో గొడవ మచ్చలతో వస్తుంది. మచ్చ కనబడగానే తెగులు అనుకోవడం మనకు అలవాటు. ఏప్రిల్, మే నెలల్లో ఎండవైపు మాత్రమే తెల్లగానో, గోధుమ రంగులోనో పొడి మచ్చ పడి, పది రోజులు గడిచినా అంతే ఉంటే అది ఎండదెబ్బ. షేడ్ నెట్ కింద పెరిగిన మొక్కను ఒక్కరోజులో డాబామీద పెడితే ఇలా అవుతుంది. ఆ మచ్చ పోదు, మందు కొడితే అసలే పోదు. మొక్కను పొద్దుటి ఎండ తగిలే చోటికి జరిపితే చాలు. కొత్త మొక్కకు ఎండ అలవాటు చేయాలంటే మొదట గంట, తర్వాత రెండు గంటలు, అలా పది రోజులు పెంచుకుంటూ పోవాలి.

మచ్చ రోజురోజుకూ పాకుతుంటే, అంచు తడిగా ఉంటే, మధ్యలో గుంట పడుతుంటే అది తెగులు. ఆ ఆకును మొదలుదాకా కోసి కాల్చేయాలి. నీళ్లు ఆకులమీద పడకుండా మొదట్లో పోయాలి. మిగతా మొక్కకు కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరు నీటికి 3 గ్రాముల చొప్పున కలిపి పిచికారీ చేసుకోవచ్చు. కలబంద ఆకు మొదలు నీరుకారి జిగురుగా, దుర్వాసనతో కుళ్లితే అది బాక్టీరియా కుళ్లు. బూజు మందులు దానిమీద పనిచేయవు. ఆ మొక్కను మట్టితో సహా తీసి దూరంగా పారేయడమే మంచిది.

జబ్బు కానివి కూడా కొన్నున్నాయి. వాటికి భయపడి డబ్బు పారేసుకోవద్దు. అడుగు ఆకు ఒకటి రెండు ఎండి రాలడం ముసలితనం, జబ్బు కాదు. పైన కొత్త ఆకు వస్తున్నంత కాలం దిగుల్లేదు. జెముడు కాండం మొదట్లో బెరడులా గోధుమ రంగు తిరిగి గట్టిగా ఉంటే అది వయసు. అదే చోట మెత్తగా ఉంటే కుళ్లు. గట్టిదా మెత్తదా అన్నది వేలితో నొక్కితే తెలుస్తుంది. ఎండకాలం కలబంద ఎర్రబడితే ఎండ ఎక్కువైందని అర్థం, నీడకు జరిపితే మళ్లీ పచ్చబడుతుంది. మొక్క సన్నగా సాగి, ఆకుకూ ఆకుకూ ఎడం పెరిగి, కిటికీవైపు వంగితే వెలుతురు చాలడం లేదు. చాలామంది దీన్ని చూసి "ఏపుగా పెరుగుతోంది" అని మురిసిపోతారు. అది ఆకలికి సాగడం.

తెల్లదూది కనబడితే

ఆకు మొదళ్లలో, ముళ్ల సందుల్లో తెల్లని దూదిలాంటిది కనబడితే అది పిండినల్లి. దాని వెంట చీమలు తిరుగుతాయి. అది వదిలే తీపి బంక కోసం చీమలే దాన్ని కాపు కాస్తాయి, ఒక కుండీ నుంచి ఇంకో కుండీకి మోస్తాయి కూడా. కాబట్టి కుండీ చుట్టూ చీమల బారు కనబడితే వెంటనే ఆకు మొదళ్లు విప్పి చూడండి. నాలుగైదు పురుగులుంటే స్పిరిటులో ముంచిన దూదితో తుడిస్తే పోతాయి. ఎక్కువుంటే వేపనూనె లీటరు నీటికి 5 మి.లీ., కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయాలి. ఎండలో కొడితే నూనెకు ఆకు మాడుతుంది. వారానికొకసారి చొప్పున మూడు నాలుగు సార్లు కొట్టాలి, ఒక్కసారితో గుడ్లు చావవు. మొక్క కారణం తెలియకుండా క్షీణిస్తుంటే వేళ్లమీద కూడా చూడండి. పిండినల్లిలో వేరును పట్టుకొనే రకం కూడా ఉంది. ఆకు మీద ఎంత కొట్టినా అది చావదు. మళ్లీ చెబుతున్నా, వేరు చూడాలి.

నాగజెముడు మీద దూది కనబడితే ఒక పుల్లతో నలిపి చూడండి. రక్తంలా ఎర్రటి రంగు కారితే అది పిండినల్లి కాదు, కొచినీల్ పురుగు. ఈ పురుగు వెనక మన మద్రాసు రాష్ట్రం నాటి చరిత్ర ఒకటుంది, అందరూ తెలుసుకోదగింది.

కొచినీల్ పురుగు నుంచి ఖరీదైన ఎర్రరంగు తీసేవాళ్లు. స్పెయిన్ వాళ్లకు దానిమీద మంచి ఆదాయం ఉండేది. ఈస్టిండియా కంపెనీ వాళ్లకూ ఆశ పుట్టింది. మద్రాసు సైదాపేటలో డాక్టర్ జేమ్స్ ఆండర్సన్ దీనికోసమే నాగజెముడు తోట వేయించాడు. 1795లో బ్రెజిల్ నుంచి పురుగు వచ్చింది. తీరా అది రంగునిచ్చే మేలుజాతి పురుగు కాదు, దానిని పోలిన వేరే జాతి. రంగు అంతంత మాత్రమే వచ్చింది, పురుగు మాత్రం ఆ జాతి నాగజెముడును దొరికిన చోటల్లా తినేసింది. దూది ఒకలాగే ఉంది కాబట్టి పురుగూ ఒకటే అనుకున్నందుకు వచ్చిన ఫలితం అది. తర్వాత 1926లో సిలోన్ నుంచి తెలిసే తెచ్చిన మరో కొచినీల్ జాతి, దక్షిణాదిన పొలాలు ఆక్రమించిన ఇంకో రకం నాగజెముడును తుడిచిపెట్టింది. అప్పుడు పురుగును సరిగ్గా గుర్తించి తెచ్చారు, అనుకున్న పని అయింది. రెండుసార్లూ వచ్చింది తెల్లదూది పురుగే. మొదటిసారి నష్టం, రెండోసారి లాభం. తేడా అంతా గుర్తించడంలోనే ఉంది.

మట్టి, కుండీ

జబ్బుల్లో ఎక్కువ భాగం నాటిన రోజే మొదలవుతాయి. నల్లరేగడి మట్టి ఈ మొక్కలకు పనికిరాదు. తడి పట్టుకుంటే వదలదు, ఎండితే బండలా బిగుస్తుంది. ఎర్రమట్టి ఒక పాలు, దొడ్డు ఇసుక ఒక పాలు, బాగా చివికిన పశువుల ఎరువు ఒక పాలు కలిపితే చాలు. వర్షాలు ఎక్కువ పడే చోట ఇసుక ఇంకాస్త పెంచుకోవాలి. సన్న ఇసుక వేయొద్దు, అది మట్టితో కలిసి సిమెంటులా గడ్డ కడుతుంది.

కుండీకి అడుగున రంధ్రం ఉండి తీరాలి. రంధ్రం లేని అందమైన కప్పుల్లో పెట్టి అమ్మేవి కనబడుతున్నాయి. అది మొక్కను బావిలో పెట్టినట్టే. "రంధ్రం లేకపోతేనేం, అడుగున గులకరాళ్లు పోశాం గదా" అంటారు. గులకరాళ్ల వల్ల మేలు లేదు. తడిసిన స్పాంజిని రాళ్లమీద పెడితే నీరంతా కిందికి దిగిపోతుందా? దిగదు, స్పాంజిలోనే ఉంటుంది. మట్టీ అంతే. పైన మట్టి పూర్తిగా నానితే తప్ప నీరు రాళ్లలోకి జారదు. రాళ్లు పోసినందువల్ల ఆ తడిపొర వేరుకు ఇంకా దగ్గరవుతుంది. రంధ్రం మీద ఒక కుండపెంకు బోర్లించి మట్టి జారిపోకుండా చూసుకుంటే సరిపోతుంది. మట్టికుండీ చుట్టూ గాలి ఆడి త్వరగా ఆరుతుంది. ప్లాస్టిక్ కుండీ అయితే నీళ్లు సగం తగ్గించాలి.

బోరునీళ్లు పోసే చోట కుండీ అంచున తెల్లటి పెచ్చు కడుతుంది. అవి నీటిలోని లవణాలు. ఎక్కువైతే ఆకు కొనలు మాడతాయి. దాన్ని చూసి తెగులనుకోవద్దు. ఏడాదికి ఒకసారి మట్టి మార్చాలి, వానకాలంలో ఒకటి రెండుసార్లు వాననీటితో కడగాలి.

దుకాణం దగ్గర ఏం జరుగుతోంది?

ఇప్పుడు నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మన దగ్గర మొక్క జబ్బును చూసేవాడు, మందు అమ్మేవాడు ఒక్కరే కావడం మంచిది కాదు. రైతు ఒక వాడిన ఆకు జేబులో పెట్టుకొని దుకాణానికి వెళతాడు. అమ్మేవాడు ఆకును అటూఇటూ తిప్పి ఒక బూజు మందు, ఒక పురుగు మందు, పైన ఒక బలం మందు ఇస్తాడు. మూడింటిలో ఒకటి పనిచేయకపోదా అని లెక్క. వేరెలా ఉంది, మట్టి తడిగా ఉందా, ఎన్నాళ్లయింది, పక్క మొక్కలెలా ఉన్నాయి అని అడిగేవాళ్లు తక్కువ. అమ్మేవాడిని ఒక్కడినే అనడం కూడా న్యాయం కాదు. ఆకు మాత్రమే తీసుకెళ్లింది మనమే గదా.

ఇంట్లో కుండీలకు కూడా పొలం మందులు తెచ్చి కొట్టేవాళ్లున్నారు. మోనోక్రోటోఫాస్ వంటి విషాన్ని కూరగాయలమీద వాడొద్దని 2005లోనే నిషేధించారు. అలాంటిది పిల్లలు తిరిగే వరండాలో కొట్టడం ఎంత ప్రమాదం! అదీ అవసరం లేని జబ్బుకు.

ఈ పొరపాటు కుండీకే పరిమితమైతే నష్టం చిన్నదే. పొలంలో అదే జరుగుతోంది. ముసురు పట్టి నీళ్లు నిలిచాక పత్తి ఒక్కసారిగా వడలుతుంది. నీళ్లు బయటికి తీయాల్సిన చోట మందు కొడతాం. బత్తాయి చెట్టు ఒక పక్కన పసుపు తిరిగితే ఆకుమీద పోషకాలు చల్లుతాం. మొదట్లో పాదు తవ్వి చూస్తే వేరుకుళ్లు బయటపడుతుంది. డ్రాగన్ ఫ్రూట్ కాండం మే నెలలో పడమటి వైపు పసుపు తిరిగితే ఎండదెబ్బ, నీడ వల కట్టాలి. వానల్లో మొదలు మెత్తబడితే ముంపు, గట్టు ఎత్తు చేసి మురుగుకాల్వ తీయాలి. కాండంమీద చిన్న గుంటపడ్డ మచ్చలు గోధుమరంగు పుండ్లుగా మారితే తెగులు, ఆ భాగం కోసి కాల్చి రాగి మందు కొట్టాలి. మూడు కారణాలు, మూడు వైద్యాలు. మూడింటికీ ఒకే సీసా కొంటే రెండుసార్లు డబ్బు నేలపాలు. చిన్న రైతుకు ఆ డబ్బు సొంతది కాదు, వడ్డీకి తెచ్చింది.

ఏం చేయాలి?

ఒకటి, మొక్కలు పెంచి అమ్ముకొనే రైతులు కుండీతోపాటు ఒక చిన్న చీటీ ఇవ్వాలి. "మట్టి పూర్తిగా ఆరాకే నీళ్లు పోయండి. వానలో పెట్టొద్దు. ఎండకు మెల్లగా అలవాటు చేయండి." మూడు ముక్కలు చాలు. "రోజూ కొంచెం నీళ్లు చల్లండి" అని నోటికొచ్చినట్టు చెప్పి పంపితే ఆ నష్టం తిరిగి మనకే వస్తుంది. మొక్క బతికిన ఇల్లు రెండో మొక్క కొంటుంది.

రెండు, నాంపల్లిలోని ఉద్యాన శాఖ వారానికి ఒకరోజు పబ్లిక్ గార్డెన్స్‌లో మొక్కలు చూసే బల్ల ఒకటి వేయాలి. ఒక బల్ల, ఒక భూతద్దం, ఒక కత్తి, ఒక బకెట్టు నీళ్లు, తెలిసిన మనిషి ఒకరు చాలు. కుండీ పట్టుకొచ్చే ఇల్లాలూ రావచ్చు, వేరుతో సహా మొక్క పట్టుకొచ్చే రైతూ రావచ్చు. రైలు దిగితే నడిచిపోయే దూరమే. నుమాయిష్ జరిగే రోజుల్లో ఆ బల్ల మైదానం లోపలే పెడితే ఇంకా మంచిది. మందు అమ్మకం మాత్రం అక్కడ ఉండకూడదు. చూసి జబ్బు పేరు, చేయాల్సిన పని కాగితంమీద రాసివ్వాలి.

మూడు, ఇదే పని ఊళ్ల దగ్గర కూడా జరగాలి. తెలంగాణలో 2,601 రైతు వేదికలు కట్టారు. భవనాలున్నాయి. నెలకు రెండు రోజులైనా అక్కడ మొక్క పరీక్షకు కేటాయిస్తే రైతు దుకాణానికి వెళ్లే ముందే జబ్బు పేరు తెలుసుకుంటాడు. అప్పటిదాకా కిసాన్ కాల్ సెంటర్ ఉంది. 2004 నుంచి నడుస్తోంది, నంబరు 1800-180-1551, ఫోనుకు ఖర్చు లేదు. అయితే ఫోను చేసే ముందు మొక్కను పెరికి వేరు చూసి చేయండి. "ఆకు వాడింది" అంటే అవతలివాళ్లు మాత్రం ఏం చెప్పగలరు? "మట్టి తడిగా ఉంది, వేరు నల్లబడింది, తొక్క జారుతోంది" అని చెబితే సరైన జవాబు దొరుకుతుంది.

"ఇవన్నీ చూస్తూ కూర్చుంటే ఈలోపల పంట పోతుంది, ముందు ఏదో ఒకటి కొట్టాలి" అనేవాళ్లున్నారు. పురుగు ఉధృతంగా ఉన్నప్పుడు ఆ మాటలో కొంత నిజముంది. కాదనను. కానీ ఒక మొక్క పెరికి వేరు చూడటానికి పట్టేది రెండు నిమిషాలు. మందు తేవడానికి మండలానికి పోయి రావడానికి సగం పూట పడుతుంది. తొందర ఉన్నప్పుడు తొందరగా అయ్యే పనే ముందు చేయాలి గదా.

ఇంట్లో కలబంద కుండీ ఉంటే ఈ వారమే ఒకసారి మొక్కను పైకి తీసి వేరు ఎలా ఉంటుందో పిల్లలకు చూపించండి. మంచి వేరు ఎలా ఉంటుందో కంటికి అలవాటైతే చెడ్డ వేరు చేనులోనైనా ఇట్టే దొరుకుతుంది. ఆ తర్వాత మందు అవసరమైతే తప్పకుండా కొనండి. జబ్బు పేరు తెలిసి కొన్న మందు ఒకటి చాలు.